మర్రిగూడ నీళ్ల నుంచి మేరు కొండ కిందికి

దేవుని పిలుపు వచ్చిందని చెబితే చాలామంది మొదట అడిగేది ‘కల వచ్చిందా, స్వరం వినిపించిందా’ అని. నాకు ఆ రెండూ లేవు. నేను నీళ్లు పరీక్షించే ల్యాబ్ టెక్నీషియన్‌ని. నా పిలుపు నీళ్లలోంచే వచ్చింది.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ మాట ఎత్తితే మా మండలం పేరు చెప్పకుండా ఎవరూ ముగించేవారు కాదు. మా మేనత్త బోరు నీళ్లు తాగి పెరిగింది. వయసులో ఉండగానే నడుము వంగిపోయింది, మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మెడ తిప్పలేదు. మంచం పట్టె మీద రెండు చేతులూ ఆనించి, ఒళ్లంతా ఒక్కసారిగా తిప్పుకుని అప్పుడు చూస్తుంది. నా పళ్ల మీద కూడా గోధుమరంగు చారలున్నాయి. మా వయసు వాళ్లలో చాలామందికి ఉన్నాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మా జిల్లా నుంచి 480 మంది బరిలో నిలిచి, ఎన్నికే వాయిదా పడేలా చేశారంటే అది ఈ నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించడానికే. తర్వాత మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు వచ్చాయి. మా అత్త నడుము నిటారు కాలేదు కానీ మా వీధిలో ఆ తర్వాత పుట్టిన పిల్లల పళ్లు తెల్లగా వచ్చాయి. నీళ్లు మారితే మనిషి బతుకు ఎంత మారుతుందో నాకు పుస్తకం చెప్పనక్కర్లేదు.

చదువయ్యాక నల్లగొండలో నీటి పరీక్షల ల్యాబ్‌లో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. ఒక వేసవిలో దేవరకొండ వైపు ఉజ్జీవ కూటాలకు, అంటే విశ్వాసాన్ని బలపరిచే క్రైస్తవ సభలకు వెళ్లాను. టాంజానియాలో పనిచేసి వచ్చిన ఒక సేవకురాలు అక్కడి పిల్లల ఫొటోలు తెర మీద చూపించారు. అరూషా ప్రాంతం, మేరు పర్వతం కింది పల్లెలు. అందరూ పిల్లల నవ్వు చూశారు. నేను పళ్లు చూశాను. అవే చారలు. ఒక ఫొటోలో దొడ్డికాళ్ల పిల్లవాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. కూటం అయ్యాక ఆమె దగ్గరికి వెళ్లి, అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉంటుందని అడిగాను. మన దగ్గర అది గ్రానైట్ రాళ్లలోంచి దిగుతుంది. తూర్పు ఆఫ్రికాలో రిఫ్ట్ లోయ పొడవునా అగ్నిపర్వత శిలల్లోంచి దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటే, టాంజానియాలో వేరే నీళ్లు దొరకని పరిస్థితుల్లో చాలా ఏళ్ల పాటు 4 వరకు అనుమతించారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా సంఘం అయ్యగారికి, అంటే మా పాస్టరుగారికి చెబితే, ఆయన వెంటనే ఆమేన్ అనలేదు. “అమ్మా, నీకు అనిపించడం పిలుపులో సగమే. అక్కడివాళ్లు అడగడం మిగతా సగం” అన్నారు. రాజుల రెండవ గ్రంథం రెండో అధ్యాయం చదివి రమ్మన్నారు. యెరికో ఊరు చక్కగానే ఉంది, నీళ్లే మంచివి కావు. ఎలీషా కొత్త పాత్రలో ఉప్పు తెప్పించి ఊటలో వేస్తాడు. చిన్నప్పటి నుంచి విన్న సంగతే. అయ్యగారు నాచేత గమనింపజేసింది వేరు. ప్రవక్త తనంతట తాను ఆ ఊటల దగ్గరికి పోలేదు, ఊరివాళ్లు వచ్చి అడిగారు. ఈ మార్గంలో నడవాలనుకునే ఎవరికైనా నేను చెప్పే మొదటి మాట ఇదే. మనకు భారం కలగడం నిజమే కావచ్చు, కానీ ఆ ఊళ్లో ఉన్న విశ్వాసులకు మన అవసరం ఉందో లేదో వాళ్లే చెప్పాలి.

అందుకని ఒక మిషన్ సంస్థ ద్వారా అక్కడి లూథరన్ సంఘం నీటి పథకానికి ఉత్తరం రాశాం. టాంజానియా లూథరన్ సంఘం ప్రపంచంలోని పెద్ద లూథరన్ సంఘాల్లో ఒకటి. ప్రసంగికులకు కొదవ లేదు. జవాబు చాలా ఆలస్యంగా వచ్చింది, వచ్చింది మాత్రం సూటిగా ఉంది. వాక్యం చెప్పేవాళ్లు మాకున్నారు, నీళ్లు పరీక్షించి మా పిల్లలకు ఆ పని నేర్పేవాళ్లు కావాలి. స్వాహిలీ నేర్చుకోవాలి. ఇక్కడ బాగుచేయడం కుదరని యంత్రాలు తేవద్దు. ఆ ఉత్తరం చదివాక నా ప్రార్థన మారింది. అంతకుముందు ‘పంపు ప్రభువా’ అనేదాన్ని. ఆ తర్వాత ‘పనికొచ్చేలా చేయి’ అనడం మొదలుపెట్టాను.

సంఘ పెద్దల సమావేశంలో అసలు కష్టం ఎదురైంది. పెళ్లికాని ఆడపిల్లను అంత దూరం ఎలా పంపుతామన్నారు. వాళ్ల భయం నాకు అర్థమైంది, అందులో ప్రేమే ఉంది. మా అయ్యగారు మెన్నోనైట్ బ్రదరన్ అనే క్రైస్తవ శాఖ చరిత్ర బాగా ఎరిగినవారు. 1889లో రష్యా నుంచి మన దేశానికి వచ్చి, ఆ మరుసటి ఏడు నల్లగొండలో స్థిరపడిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులతో మొదలుపెట్టి, 1907లో వచ్చిన డాక్టర్ క్యాథరినా షెలెన్‌బర్గ్ దగ్గర ఆగారు. ఆమె పెళ్లి చేసుకోలేదు. శంషాబాద్ ఆసుపత్రిలో వైద్యం చేస్తూ 1945లో ఈ నేల మీదే కన్నుమూశారు. “ఆమెను పంపడానికి వాళ్ల పెద్దలు భయపడి ఉంటే మన అమ్మమ్మల కాన్పులు ఎవరు చేసేవారు?” అని అడిగారు అయ్యగారు. పెద్దలు ఉత్తరం మీద సంతకాలు చేశారు.

అమ్మను ఒప్పించడం అంతకంటే కష్టమైంది. ఆమె పుట్టిల్లు పాలమూరు వైపు, అచ్చంపేట దగ్గర. తాతలనాటి నుంచి వలసలు చూసిన ఇల్లు. “ఊరు విడిచినవాళ్లంతా పొట్ట కోసం విడిచారు. నీకేం తక్కువైంది బిడ్డా?” అని ఏడ్చింది. నా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు మంచం మీది నుంచి వచ్చింది. “వదినా, నా నడుము పడిపోకముందే ఎవరో ఒకరు వచ్చి ఈ నీళ్లు తాగొద్దని చెప్పి ఉంటే నేను ఇలా ఉండేదాన్నా? పోనీ దాన్ని” అంది అత్త. అమ్మ ఆ రోజు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు నా బట్టలకు పెట్టె కొనాలంది.

ఇక కాగితాల సంగతి. పాస్‌పోర్టు ఉంది కాబట్టి పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేశాను. నా ఇంటిపేరు పదో తరగతి మెమోలో ఒకలా, డిప్లొమాలో ఇంకోలా ఉండటంతో అఫిడవిట్ చేయించాల్సి వచ్చింది. మీరు బయల్దేరాలనుకుంటే ఈ పని అన్నిటికంటే ముందు చూసుకోండి. ప్రయాణం నైరోబీ మీదుగా కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకున్నాను. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుంటేనే ఆ కార్డు చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనికొస్తుంది. కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌లో పెడతారు. టాంజానియాలో మిషన్ సేవకులకు, స్వచ్ఛంద సేవకులకు ఇచ్చేది ‘సి’ తరగతి నివాస అనుమతి. దానికి అక్కడి సంఘమే దరఖాస్తు చేయాలి, అంటే ఆ ఆహ్వాన పత్రం లేకుండా పని మొదలే కాదు.

డబ్బు గురించి కూడా చెప్పాలి. మా సంఘం పేదది. కూలి పనికి పోయే ఆడవాళ్లే ఎక్కువ. వాళ్లు అన్నం వండిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం డబ్బాలో వేసి, ఆదివారం గుడికి తెచ్చి గోనెసంచిలో పోస్తారు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ అందులో కలిసిపోతాయి. అవి అమ్మగా వచ్చిన సొమ్ముతో నా టికెట్ కొన్నారు. మిగతాది సంస్థ, కొన్ని కుటుంబాలు నెలనెలా చూసుకుంటున్నాయి. ఆ సంచి గుర్తొస్తే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. ఒక్క పూట కూడా వృథా చేయబుద్ధి కాదు.

నైరోబీలో దిగి బస్సులో నమంగా సరిహద్దు దాటి అరూషా చేరాను. మొదటి నెలల్లో పిల్లలే నాకు గురువులు. పెద్దవాళ్లు కనిపిస్తే ‘షికమూ’ అనాలి, వాళ్లు ‘మరహబా’ అంటారు. వయసుకు ఇచ్చే ఆ మర్యాద చూసి మా ఊరే అనిపించింది. నీటి పథకంలో పనిచేసే ఒక పెద్దాయన నేనెక్కడి నుంచి వచ్చానో విని, “నల్లగొండ అంటే ఊరా?” అని ఆశ్చర్యపోయారు. ఆయనకు అది నీళ్లు శుభ్రం చేసే ఒక పద్ధతి మాత్రమే. 1970ల్లో మన దేశపు పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ (NEERI) శాస్త్రవేత్తలు రూపొందించిన నల్లగొండ టెక్నిక్‌ను టాంజానియాలోనూ, ఇథియోపియాలోనూ ప్రయత్నించారు. బకెట్ నీళ్లలో పటిక, సున్నం వేసి కలిపి, తేరుకున్నాక పైనీళ్లు తీసుకోవడమే అది.

మా జిల్లా పేరున్న పద్ధతిని అక్కడ స్థిరపరచాలని ఎవరికుండదు? కానీ లెక్క వేస్తే కుదరలేదు. ఫ్లోరైడ్ అంత ఎక్కువగా ఉన్న నీళ్లకు పటిక చాలా పడుతుంది, కొనాలంటే పట్నం పోవాలి, అడుగున మిగిలే మడ్డి ఎక్కడ పారబోయాలో తెలియదు. ఆ ప్రాంతంలో ఎప్పటి నుంచో పశువుల ఎముకలను బట్టీలో కాల్చి, ఆ బొగ్గును వడపోత బకెట్లలో నింపుతున్నారు. అది ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. అరూషా దగ్గర ఎన్‌గుర్డోటోలో దీని మీద పరిశోధన కేంద్రమే ఉంది. మన దగ్గర ఎముకల నీళ్లంటే ఎంతమంది తాగుతారు? పశువులే ఆస్తిగా బతికే అక్కడి వాళ్లకు ఆ పట్టింపు తక్కువ. కాబట్టి నేను చేయాల్సింది వాళ్ల వడపోతలను క్రమం తప్పకుండా పరీక్షించడం, బొగ్గు ఎప్పుడు మార్చాలో చెప్పడం.

ఒక పల్లెలో ఊట నీళ్ల నమూనా తీశాను. రసాయనం రెండు చుక్కలు వేస్తే గులాబీ రంగు గులాబీగానే నిలిచింది. ఫ్లోరైడ్ ఎక్కువుంటే అది పసుపులోకి తిరగాలి. మరో సీసా తీసినా అంతే. అయినా ఆ ఊరి పిల్లల పళ్లు మచ్చలే. నాకు అర్థం కాలేదు. నాతో పని నేర్చుకుంటున్న అమ్మాయి నన్ను వాళ్ల వంటింట్లోకి తీసుకెళ్లింది. పొయ్యి పక్కన డబ్బాలో బూడిదరంగు గడ్డలు. మగాడి అంటారు, చవిటి సరస్సుల దగ్గర దొరికే ఉప్పు. మనం శనగలు ఉడకడానికి వంట సోడా వేసినట్టు, వాళ్లు మొక్కజొన్న, చిక్కుడు గింజలు కలిపి వండే మకాండేలో దాన్ని వేస్తారు. చిటికెడు కరిగించి పరీక్షిస్తే రంగు క్షణంలో పసుపైంది. కొన్ని రకాల మగాడిలో ఫ్లోరైడ్ విపరీతంగా ఉంటుందని ఇదివరకే పరిశోధనలున్నాయి. వాటిని ఆ వంటింటి దాకా తెచ్చింది ఆ అమ్మాయే. గింజలు రాత్రే నానబెట్టి వండుదామని ఊరి ఆడవాళ్లకు చెప్పింది కూడా ఆమే. నేను చెబితే వినేవాళ్లు కారేమో. వాళ్ల కూతురు చెప్పింది కాబట్టి కొన్ని ఇళ్లలో మొదలైంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ల్యాబ్ పని ఇంకా లోతుగా నేర్చుకోవాలనుకుంటోంది. నల్లగొండకు వచ్చి కొన్నాళ్లు ఉండి, మా మండలంలో నీళ్లు మారాక ఏం జరిగిందో చూడాలని ఆమె కోరిక. అక్కడి సంఘ పెద్దలు ఒప్పుకున్నారు. మా సంఘం నుంచి ఆహ్వాన పత్రం కావాలి. దాని మీద అయ్యగారి సంతకం నిన్ననే అయింది. ఆమె పాస్‌పోర్టులోనూ, సర్టిఫికెట్లలోనూ పేరు ఒకేలా ఉందో లేదో చూసి పంపమని రాశాను. నైరోబీ మీదుగా వస్తే ఎల్లో ఫీవర్ కార్డు మరచిపోవద్దని కూడా. ఆమె ఎక్కడ ఉంటుందని అడిగితే మా అమ్మ, “మన ఇంట్లోనే, ఇంకెక్కడ?” అంది.