పేరు మడిచి దిద్దిన లెక్కల మాస్టారు

మన బడి పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ నుంచి ఇప్పటికి రెండు ఫోన్లు వచ్చాయి. మహేంద్రతనయ ఒడ్డు, గుణుపురం చిన్నబండి, ఆరో నంబరు గది కిటికీ, నాటకం రోజు ఊడిన మీసం మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నేను లెక్కల మాస్టారు పేపర్లు దిద్దే తీరు గురించే రాస్తాను. పర్లాకిమిడి వదిలాక నా బతుకుతెరువులో, ముఖ్యంగా కోర్సుకి పిల్లల్ని ఎంచుకునే పనిలో, నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

పరీక్ష అయిన రోజు మాస్టారు ఒక్క పేపరూ ముట్టుకునేవారు కాదు. ముందు ప్రతి ప్రశ్నకీ ఏ మెట్టుకి ఎన్ని మార్కులో తెల్లకాగితం మీద రాసుకునేవారు. ఐదు మార్కుల లెక్కయితే సూత్రానికి ఒకటి, విలువలు వేసినందుకు ఒకటి, సాధనకి రెండు, ప్రమాణంతో సహా జవాబు రాస్తే ఒకటి. తర్వాత పేరున్న మూల మడిచి గుండుసూది గుచ్చేవారు. అందరి మొదటి లెక్కా దిద్దాక కట్టని కలిపేసి రెండో లెక్క మొదలుపెట్టేవారు. మొదటి లెక్క చక్కగా చేసినవాడి రెండో లెక్క కూడా చక్కగానే ఉన్నట్టు కళ్లకి తోస్తుంది. నాలుగు గొప్ప పేపర్ల తర్వాత వచ్చిన మామూలు పేపరు మరీ నాసిగా కనిపిస్తుంది. ఈ రెండింటికీ విరుగుడు ఆ గుండుసూదీ, ఆ కట్ట కలపడమూ. కొండమీంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర పిల్లలకి తెలుగు మాట తడబడినా, లెక్క మెట్టు సరిగ్గా ఉంటే మార్కు వచ్చేసేది.

జబ్బుతోనో దెబ్బతోనో ఇబ్బంది పడేవాళ్లు రోజువారీ పనులు మళ్లీ తామే చేసుకునేలా చేయించే వైద్యం ఆక్యుపేషనల్ థెరపీ. ఆ కోర్సులో పిల్లల్ని ఎంచుకునే కమిటీలో ఇప్పుడు నేనూ కూర్చుంటున్నాను. ఈ చదువుకి ఎలాంటి పిల్లలు కావాలో చిన్న ఉదాహరణ చెబుతాను. పక్షవాతం వచ్చిన మనిషి ఒంటిచేత్తో చొక్కా తొడుక్కోవాలి. పాదాలు నేలకి ఆనేలా కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా ఒళ్లో పరిచి, పడిపోయిన చేతిని ముందు తొడిగించాలి. చొక్కా చెయ్యి మోచేయి దాటి పైకి వచ్చాకే వీపు మీదుగా తిప్పాలి. అంతకుముందే తిప్పితే జారి మణికట్టు దగ్గరికి వచ్చేస్తుంది, రోగి విసిగిపోతాడు. విప్పేటప్పుడు ఆ చెయ్యి ఆఖరున. జారిన చొక్కాని మనమే గబుక్కున సర్దేయకుండా, ఎక్కడ తప్పిందో చూసి, ఆయనచేతే మళ్లీ చేయించే ఓర్పు కావాలి. ఫిజిక్సు ర్యాంకులో ఈ ఓర్పు కనిపించదు.

మార్కులు వద్దని కాదు. అనాటమీ, ఫిజియాలజీ మోయగలిగే చదువు ఉండాలి. కానీ మార్కులు గడపగా ఉండాలి. గడప దాటినవాళ్లలో ఒకటి రెండు మార్కుల తేడాతో ఎవరు మంచి థెరపిస్టు అవుతారో తేలదు. పైగా మన సరిహద్దు పిల్లల్లో ఒకరిది ఒడిశా ప్లస్‌టూ, ఒకరిది ఆంధ్రా ఇంటర్, ఇంకొకరిది సీబీఎస్‌ఈ. ఒక్కో బోర్డు మార్కులు వేసే ధోరణి ఒక్కోలా ఉంటుంది, ఉత్త శాతాలు పక్కపక్కన పెట్టి పోల్చడం అన్యాయం. ఎవరి బోర్డులో వాళ్లు ఎక్కడ నిలిచారో చూడాలి. కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లోని జాతీయ పునరావాస సంస్థ కోల్‌కతా, చెన్నై సంస్థలతో కలిసి ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఏళ్ల తరబడి నడిపింది. మహారాష్ట్రలో నీట్ ర్యాంకుతో సీట్లిస్తారు. నీట్ తెలుగులోనూ ఒడియాలోనూ రాయొచ్చు కాబట్టి మన పిల్లలకి కొంత మేలు. అయినా కోచింగుకి డబ్బులున్నవాళ్లదే పైచెయ్యి.

ఇంటర్వ్యూ పెడితే ఇవన్నీ సర్దుకుంటాయని చాలామంది అనుకుంటారు. ముగ్గురు పెద్దలు ఎదురుగా కూర్చుని తోచింది అడిగే ఇంటర్వ్యూ అన్నిటికంటే చెడ్డది. ఇంట్లో డాక్టరున్న పిల్ల తడబడకుండా మాట్లాడుతుంది, ఆ మాటతీరుకే మార్కులు పడతాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు దీనికి మంచి దారి చూపించారు. ఒక పెద్ద ఇంటర్వ్యూకి బదులు ఓ పది చిన్న గదులు, గదికి ఎనిమిది నిమిషాలు, ఒక్కో గదిలో ఒక్కో పరీక్షకుడు, ఒక్కో సందర్భం. ఒక గదిలో బెదిరినా తర్వాతి గదిలో కొత్తగా మొదలుపెట్టొచ్చు. అచ్చం మాస్టారు కట్ట కలిపినట్టే.

ఇదీ పాడవుతుంది. రెండు మార్కుల జవాబు ఎలా ఉంటుందో, ఎనిమిది మార్కులది ఎలా ఉంటుందో ముందే రాసిపెట్టకపోతే ఒక గదిలో అందరికీ ఏడు, పక్క గదిలో అందరికీ నాలుగు పడతాయి. పరీక్షకులు టీ దగ్గర అభ్యర్థుల గురించి మాట్లాడుకుంటే గదులు వేరుగా పెట్టిన ఫలితం పోతుంది. పొద్దున వచ్చిన బ్యాచి ప్రశ్నలు మధ్యాహ్నం బ్యాచికి చేరకుండా రెంటినీ విడిగా కూర్చోబెట్టాలి. తెలుగులోనో ఒడియాలోనో జవాబు చెప్పే వీలుండాలి, ఎందుకంటే రేపు రోగితో మాట్లాడేది ఆ భాషలోనే.

అమెరికాలో చాలా కాలేజీలు దరఖాస్తుకి ముందే థెరపిస్టు పక్కన ఇన్ని గంటలు నిలబడి చూసినట్టు సంతకం తెమ్మనేవి. ఈ మధ్య కొన్ని మానుకున్నాయి. మన దగ్గర ఎవరూ అలాంటిది తేకూడదని నా గట్టి అభిప్రాయం. భువనేశ్వర్ పిల్లకి అది వారం రోజుల పని, గుమ్మా, సెరంగో లాంటి కొండ ఊళ్ల పిల్లకి ఊరు దాటి అద్దెగదిలో ఉండాల్సిన పని. దానికి బదులు మంచాన పడ్డ తాతకి అన్నం ఎలా తినిపించావు, ఎక్కడ కష్టమైంది, ఏం మార్చావు అని అడగాలి. చేసినవాళ్లకే ఆ వివరాలు తెలుస్తాయి.

వైకల్యం ఉన్న అభ్యర్థుల విషయంలో నాకు రాజీ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం ఐదు శాతం సీట్లు నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లవి. వైకల్యం శాతం చూసి మాత్రమే అనర్హులనకూడదని, ఏం చేయగలరో పరీక్షించాలని వైద్య విద్య కేసుల్లో సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. మనిషి ఏం చేయగలడో అంచనా వేయడమే మా వృత్తి. రోగిని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చే పని మంచానికీ కుర్చీకీ మధ్య జారడానికి వేసే బల్లచెక్కతోనో, సహాయకుడికి సూచనలిచ్చో చేయించగలిగితే ఆ పని వచ్చినట్టే లెక్క.

సీట్లు నిండాక అసలు పని మొదలవుతుంది. ఏ బోర్డు, ఏ మాధ్యమం, ఏ జిల్లా పిల్లలు ఏ మెట్టు దగ్గర రాలిపోయారో ఏటా పట్టిక వేయాలి. నాలుగో ఏడాది క్లినికల్ పనితో ఆ మెట్టుకి సంబంధం కనబడకపోతే దాన్ని అనుమానించాలి. తొందరపడి తీసెయ్యనూ కూడదు. సీటు రానివాళ్ల పని మనకి కనబడదు కాబట్టి ఆ సంబంధం ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తుంది.

ప్లస్‌టూ చదివే పిల్లలున్న మన బ్యాచివాళ్లకి ఒక్క మాట. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుండి, ఆధార్‌లో వెనక్కి పోతే ఇప్పుడే సరిచేయించండి. కేంద్ర సంస్థకి దరఖాస్తు చేసే ఓబీసీ పిల్లలకి రాష్ట్ర నమూనా సర్టిఫికెట్ చెల్లదు, కేంద్ర నమూనాలో నాన్‌ క్రీమీలేయర్‌ది కావాలి. ఆర్థికంగా వెనకబడినవాళ్ల (ఈడబ్ల్యూఎస్) సర్టిఫికెట్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానిదే ఉండాలి. నోటిఫికేషన్ వచ్చాక తహసీల్దారు ఆఫీసుకి వెళితే గడువులోగా చేతికి రావడం కష్టం.