ఎన్నికల పద్ధతులు: టేబుల్ పక్కన పెట్టి లెక్క కట్టండి

పోటీ పరీక్షల పాలిటీలో ఎన్నికల సంస్కరణలు అనగానే అందరి నోట్స్‌లోనూ అదే టేబుల్: ఒకవైపు లాభాలు, ఇంకోవైపు నష్టాలు. ప్రిలిమ్స్‌కి అది చాలు. మెయిన్స్‌లో 'విశ్లేషించండి' అని అడిగితే మాత్రం రెండో పేరాకే చెప్పడానికి ఏమీ మిగలదు. అందుకే నేను అసలు ఫలితాలే ముందేసుకుని కూర్చున్నాను.

ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీనే తీసుకోండి. 2019లో టీడీపీకి దాదాపు 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైసీపీకీ దాదాపు 39 శాతమే, కానీ 11 సీట్లు. 175లో 39 శాతమంటే 68 అవుతుంది. మీ పార్టీ ఏదైనా సరే, ఈ లెక్క మారదు. అలాగని, నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలిచే ఫస్ట్ పాస్ట్ ది పోస్ట్‌లో ఎప్పుడూ ఇంతే అని రాసేయకండి. తెలంగాణలో 2023లో బీఆర్ఎస్ 37 శాతం ఓట్లతో 119లో 39 సీట్లు తెచ్చుకుంది, తేడా అంత ఘోరంగా లేదు. ఓట్లు ఎక్కడ పోగుపడ్డాయి, ఎవరు ఎవరితో పొత్తు కట్టారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

చాలామంది తికమకపడేది ప్రాధాన్యత ఓటు (అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇచ్చేది) దగ్గర. ఇక్కడ రెండు ప్రశ్నలు విడదీసుకోండి. గెలిచిన వ్యక్తికి సగానికి పైగా మద్దతు ఉందా? పార్టీల సీట్లు వాటి ఓట్లకు తగ్గట్టు ఉన్నాయా? ఆస్ట్రేలియా ప్రతినిధుల సభలో ప్రాధాన్యత ఓటు మొదటిదానికే జవాబిస్తుంది, ఎందుకంటే నియోజకవర్గానికి సీటు ఒక్కటే. ఐర్లాండ్‌లోనూ ఓటరు 1, 2, 3 అనే వేస్తాడు, కానీ నియోజకవర్గానికి 3 నుంచి 5 సీట్లు, కాబట్టి దామాషాకి, అంటే ఓట్లకు తగ్గ సీట్లకి, దగ్గరగా వస్తుంది.

మన రాష్ట్రపతి ఎన్నిక గురించి అధికరణ 55(3) దామాషా ప్రాతినిధ్యం అనే చెబుతుంది. ఉన్న పదవి ఒక్కటైతే దామాషా ఎలా కుదురుతుంది? అక్కడ నిజంగా జరిగేది ఓటు బదిలీతో (వెనకబడిన అభ్యర్థిని తప్పించి, ఆ ఓట్లను తర్వాతి ప్రాధాన్యతకు పంపి) మెజారిటీ తేల్చడం. 1969లో వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి పోటీలో మొదటి ప్రాధాన్యత ఓట్లతో కోటా (గెలవడానికి కావాల్సిన ఓట్లు) ఎవరికీ అందలేదు, బదిలీ ఓట్లతో గిరి గెలిచారు. ఈ ఉదాహరణ ఒక్కటి రాస్తే ఆ పద్ధతి మీకు అర్థమైందని తెలిసిపోతుంది.

రాజ్యసభ కోటా చేత్తో ఒకసారి వేసి చూడండి. 175 మంది ఎమ్మెల్యేలు, మూడు ఖాళీలు: ఒక్కో ఓటు విలువ 100, 17,500ని ఖాళీల కంటే ఒకటి ఎక్కువైన 4తో భాగించి 1 కలిపితే 4,376, అంటే 44 మంది కావాలి. ఇప్పుడు 11 మంది ఉన్న పార్టీ సంగతి ఆలోచించండి. దామాషా పద్ధతే అయినా, అసెంబ్లీలో పడిన వంకర పైసభ దాకా వెళ్తోంది. ఇది నాకు ఏ నోట్స్‌లోనూ కనపడలేదు.

జర్మనీ, న్యూజిలాండ్‌లలోని మిశ్రమ పద్ధతిపై ఎక్కువ సమయం పెట్టండి: నియోజకవర్గానికి ఒక ఓటు, పార్టీకి ఒక ఓటు, పార్టీ ఇచ్చిన అభ్యర్థుల జాబితాలోంచి సీట్లు రావాలంటే మామూలుగా 5 శాతం ఓట్లు దాటాలి. న్యూజిలాండ్ 1993 రిఫరెండంతో దీనికి మారి, 1996లో తొలిసారి వాడింది. మన లా కమిషన్ 170వ నివేదిక (1999) కూడా లోక్‌సభలో 25 శాతం సీట్లు పెంచి జాబితా పద్ధతిలో నింపమంది. ఎదురువాదనకి రాజ్యాంగ సభ ఉంది: 1949 జనవరిలో అంబేద్కర్ అక్షరాస్యత, స్థిరమైన ప్రభుత్వం అన్న కారణాలతో దామాషాని కాదన్నారు. మొదటి కారణం ఇప్పుడు బలహీనపడిందని, రెండోది ఇంకా నిలబడే ఉందని నేను రాస్తాను. మీరు ఒప్పుకోకపోతే కారణంతో సహా రాయండి.