మా వాడి జట్టు మూతపడింది

టెక్సస్‌లోని ఆలెన్ మాది. హైస్కూలు పిల్లలు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుకోవడానికి 2012లో ఆరు కోట్ల డాలర్లు పోసి 18,000 సీట్ల స్టేడియం కట్టుకున్న ఊరు. అటు ఎన్‌ఎఫ్‌ఎల్ అనే పెద్ద లీగులో ఆడే డాలస్ కౌబాయ్స్ మ్యాచ్‌కి నలుగురం వెళ్దామంటే ఆ ఖర్చుతో ఇండియా టికెట్ గుర్తొచ్చేది. మా పిల్లలకి ఈ ఆట పిచ్చి పట్టించింది మాత్రం ఆ రెండూ కాదు, టెక్సస్ రెవల్యూషన్ అనే చిన్న ఇండోర్ జట్టు. ఇప్పుడది లేదు.

ఆర్కెన్సా నుంచి 2013లో మా ఊరికి తరలివచ్చిన జట్టది. అంతకుముందు అదే హాల్లో ఆడిన రాంగ్లర్స్, ఎన్‌ఎఫ్‌ఎల్ స్టార్ టెరెల్ ఓవెన్స్ అంతటివాడు దిగినా, 2012తో దుకాణం సర్దేసింది. ఆ మాట మాకు అప్పుడెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లం కాదనుకోండి.

ఐస్ హాకీ ఆడే ఆలెన్ ఈవెంట్ సెంటర్లోనే గడ్డి చాపలు పరిచి ఆడేవారు. మైదానం మామూలు దాంట్లో సగం, 50 గజాలు. జట్టుకి ఎనిమిది మందే. చుట్టూ మెత్తలు కట్టిన గోడ. బంతి పట్టుకున్నవాణ్ని తెచ్చి, ముందు వరసలో కూర్చున్న మన మోకాళ్ల ఎదురుగా ఆ గోడకేసి కొడతారు. ఆ చప్పుడుకి నా ఒళ్లో నాచోస్ ఒలికిపోయేవి. ఆట అయ్యాక పిల్లల్ని కిందికి వదిలేవారు. కొండల్లాంటి మనుషులు మోకాళ్ల మీద కూర్చుని మా వాడి టోపీ మీద సంతకాలు పెట్టేవారు. ఇలాంటి చిన్న లీగుల్లో ఆటకి వాళ్ల చేతికొచ్చేది కొన్ని వందల డాలర్లే. వారమంతా ఇంకో పని చేసుకుని వచ్చి ఆడే మనుషులు.

ఇంట్లో మనం పిల్లలకి నేర్పేవన్నీ మనకి వచ్చినవి. స్కూల్లో వాళ్లు తెచ్చేవన్నీ మనం నోరెళ్లబెట్టి వినేవి. ఈ ఆటలో మాత్రం నలుగురం ఒకేసారి అఆలు దిద్దాం. నేను తప్పుడు టైములో చప్పట్లు కొడితే పిల్లలూ కొట్టేసేవాళ్లు, సిగ్గుపడకుండా.

మా మావయ్యగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఓ మ్యాచ్‌కి తీసుకెళ్లాం. అక్కడ టీవీలో తెలుగు టైటాన్స్ కబడ్డీ వదలకుండా చూసే మనిషి. రెండో క్వార్టర్‌కల్లా తేల్చేశారు: "వీడు గీత దాటాలి, వాళ్లు కాళ్లు పట్టి లాగాలి, అంతేగదరా?" తెలుగు బడిలో నోరు పెగలని మా వాడు వేళ్లు లెక్కపెడుతూ, "కాదు తాతయ్యా, నాలుగు ఛాన్సులు, పది గజాలు వెళ్లాలి, లేకపోతే బంతి వాళ్లకి ఇచ్చేయాలి" అని చివరిదాకా తెలుగులోనే చెప్పుకొచ్చాడు. అవసరం పడితే భాష దానంతటదే వస్తుంది. మనం ఫీజులు కట్టి రప్పించాలనుకుంటాం.

2017 ఫైనల్లో ఎదుటి జట్టు పేరు ఒమాహా బీఫ్. "పెట్టుకోడానికి ఇంకో పేరే దొరకలేదటే?" అని అత్తయ్యగారు ఫోన్లో ముక్కున వేలేసుకున్నారు. మావాళ్లే గెలిచి చాంపియన్లయ్యారు. అది ఆవిడ మొక్కు వల్లేనని ఇంట్లో ఇప్పటికీ జోకు.

మా పాపకి ఈ జట్టంటే జెన్ వెల్టర్. 2014 ఫిబ్రవరిలో మగవాళ్ల ప్రొఫెషనల్ మ్యాచ్‌లో రన్నింగ్ బ్యాక్‌గా, అంటే బంతి పట్టుకుని పరుగెత్తే మనిషిగా దిగింది. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. మూడుసార్లు బంతి పట్టుకుని పరుగెత్తితే లెక్కలో మొత్తం మైనస్ ఒక గజం, అంటే ముందుకి కాదు, వెనక్కి. 2015లో ఇదే జట్టుకి కోచ్ అయింది, ఆ వేసవిలోనే అరిజోనా కార్డినల్స్ క్యాంపులో కోచింగ్ ఇంటర్న్. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కోచింగ్ పని దక్కిన మొదటి ఆడమనిషి ఆవిడే. నేను పాపకి ముందుగా చెప్పింది ఆవిడకి సైకాలజీలో పీహెచ్‌డీ ఉందని. మన బుద్ధి ఎక్కడికి పోతుంది! పాప అడిగింది వేరు: "మైనస్ వచ్చినా కోచ్‌ని చేశారా?"

2018లో జట్టు ఫ్రిస్కోకి మారింది. 2019లో సీజన్ మధ్యలోనే అయిపోయింది. ఈ చిన్న లీగులకి టీవీ డబ్బులుండవు. హాలు అద్దె, ఆటగాళ్ల ఇన్సూరెన్సు, బస్సు ఖర్చులు అన్నీ టికెట్ల మీద, ఊళ్లో స్పాన్సర్ల మీద గడవాలి. అదంతా పన్నెండేళ్ల పిల్లాడికి ఎక్కదు. వాడు ముఖం మాడ్చుకుని తిరుగుతుంటే మా ఆయన, "పోనీలే, అదేమన్నా మన ఊరి జట్టా?" అన్నారు. ఆయనకి మన జట్టంటే సన్‌రైజర్స్. వాడు పుట్టింది పక్కనున్న ప్లేనోలో, పెరిగింది ఇక్కడ. వాడికి సొంతూరి జట్టంటే ఇదే కదా! కౌబాయ్స్ టీషర్టు కొనిస్తే వాడు తొడుక్కోలేదు. నేనూ బలవంతపెట్టలేదు.

2023 నుంచి గ్రాండ్ ప్రెయిరీలో మేజర్ లీగ్ క్రికెట్ వచ్చింది. సన్‌రైజర్స్ అభిమాని అయ్యుండీ మా ఆయన పసుపు జెర్సీ తొడుక్కుని టెక్సస్ సూపర్ కింగ్స్ కోసం గొంతు చించుకుంటారు. ఆ స్టేడియం ఒకప్పుడు ఎయిర్‌హాగ్స్ అనే చిన్న బేస్‌బాల్ జట్టుది. అదీ పోయాకే క్రికెట్‌కి మార్చారు. ఆ సంగతి వెతికి పట్టుకుంది మా వాడే. వచ్చే సీజన్ టికెట్ల కోసం మా ఆయన ఫోన్ తీస్తే అడిగాడు: "వీళ్లు ఎన్నేళ్లుంటారో కనుక్కున్నావా నాన్నా?"

ఆయన వినిపించుకోలేదు. నాలుగు టికెట్లు కొనేశారు.