ఎదురింటి అట్టపెట్టెలు

"సామాన్లు అప్పుడే అమ్మకానికి పెట్టకు. ముందు పిల్లాడి స్కూలు సంగతి కనుక్కో."

నా ఉద్యోగం పోయిందని తెలిసిన సాయంత్రం ఎదురింటావిడ మా గుమ్మంలో నిలబడి అన్న మొదటి మాట ఇది. రెండు చేతుల నిండా మడిచిన అట్టపెట్టెలు. అయ్యో అనలేదు, అంతా మన మంచికే అనలేదు. పెట్టెలు గోడకి ఆనించి, మంచినీళ్లు అడిగి తాగి, చేయాల్సిన పనులు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. పిల్లాడి టీకాల కాగితాలు తెచ్చి దగ్గర పెట్టుకో. ఇన్సూరెన్స్ ఉండగానే పళ్ల డాక్టరుకి చూపించెయ్. ఇంటి ఓనరుకి నువ్వే ముందు ఫోన్ చెయ్యి, ఇంకొకరి నోట విననివ్వకు.

మనవాళ్లు చాలామంది ఫోన్ చేశారు. ధైర్యం చెప్పారు, రెజ్యూమె పంపమన్నారు, ఒకరిద్దరు గట్టిగా పూనుకుని రిఫరల్ పెట్టించారు. వాళ్ల మేలు మరిచిపోను. కానీ పళ్ల డాక్టరు సంగతి ఎవరూ చెప్పలేదు. ఈవిడకి ఇవన్నీ ఎలా తెలుసా అని ఆ పెట్టెల వైపు చూశాను. ఒక్కోదాని మీద నల్ల మార్కరుతో వంటిల్లు అనో, అమ్మాయి పుస్తకాలు అనో రాసి ఉంది, పక్కనే ఊరి పేరు. ఆ పేరు కొట్టేసి ఇంకో ఊరు. అదీ కొట్టేసి మరొకటి. గ్యారేజీలో ఇలాంటివి గోడ పొడవునా దాచి ఉంచుతుందట, ఎప్పుడూ పారేయదట.

వాళ్లాయన మా టెక్సస్ ఊళ్లోని యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి అసిస్టెంట్ కోచ్. నేను హెచ్‌-1బీ వీసా మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ దాన్ని. ఆయన ఉద్యోగానికీ నా ఉద్యోగానికీ పోలిక ఉంటుందని అంతవరకు నాకు తట్టలేదు.

2025 అక్టోబర్ ఎలా గడిచిందో ఆటలు చూసేవాళ్లకి గుర్తుండే ఉంటుంది. 12వ తేదీ ఆదివారం పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు తమ హెడ్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేశారు. ఆయన 2014 నుంచీ అక్కడే. 2025 జనవరిలోనే జట్టుని జాతీయ ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లినవాడు. తర్వాతి ఆదివారం ఫ్లోరిడాలో బిల్లీ నేపియర్ వంతు. ఆయన జట్టు ముందురోజు గెలిచింది కూడా. ఆ పై ఆదివారం ఎల్‌ఎస్‌యూలో (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) బ్రయాన్ కెల్లీ. నవంబర్ 2న ఆబర్న్‌లో హ్యూ ఫ్రీజ్. వరసగా నాలుగు ఆదివారాలు, నాలుగు పెద్ద కాలేజీలు. ఆటలు శనివారం, తీర్పు ఆదివారం. దసరా వెళ్లాక కార్తీకమాసం దాకా మా ఇంట్లో టీవీలో ఇవే వార్తలు, ఫోన్లలో లేఆఫ్ కబుర్లు.

నా కడుపు మండింది వాళ్లకి ఇచ్చే డబ్బు విని. గడువుకి ముందే పంపించేస్తున్నందుకు ఫ్రాంక్లిన్‌కి ఇవ్వాల్సింది దాదాపు 49 మిలియన్ డాలర్లు. మన లెక్కలో నాలుగు వందల కోట్లు దాటుతుంది. కెల్లీకి అంతకంటే ఎక్కువ, 50 మిలియన్లపైన. వీటన్నిటికీ పెద్దన్న 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో జరిగింది. అక్కడి హెడ్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేసినప్పుడు ఆయనకి రావాల్సింది 75 మిలియన్లకి పైమాటే. ఫోన్‌లో అమ్మకి చెబితే, "ఓడిపోయినందుకు డబ్బులిస్తారా?" అని రెండుసార్లు అడిగింది.

ఓడిపోయినందుకు కాదు. రాసుకున్న కాగితం కోసం. మంచి కోచ్‌ని వేరే కాలేజీ ఎత్తుకుపోతుందేమోనన్న భయంతో, గెలుస్తున్న రోజుల్లోనే పదేళ్లకి రాసిచ్చేస్తారు. 2020లో ఫిషర్ జట్టు ఒక్కటంటే ఒక్క ఆట ఓడింది. మరుసటి ఏడాదే ఒప్పందాన్ని 2031 వరకు పొడిగించారు. తీసేస్తే మిగిలినదంతా కట్టాలి, పైగా ఆయన ఇంకోచోట చేరినా అందులోంచి పైసా తగ్గించకూడదు. ఫ్రాంక్లిన్ కాగితం అలాంటిది కాదు. ఆయన మళ్లీ పని వెతుక్కోవాలి, కొత్త జీతం వస్తే పాత బాకీ తగ్గుతుంది. అందుకే నవంబర్‌లో వర్జీనియా టెక్‌లో చేరగానే పెన్ స్టేట్ బాకీ 9 మిలియన్లతో తెగిపోయింది. మొత్తం ఇవ్వడానికి ఎల్‌ఎస్‌యూ వెనకాడుతోందని కెల్లీ కోర్టుకెక్కాడు, చివరికి ఇస్తామని వాళ్లు ఒప్పుకున్నారు.

ఫిషర్ ఒప్పందంలో ఇంకో సంగతి ఉంది, అది నన్ను ఇప్పటికీ వదలదు. ఆయనకి మొదటి విడతగా 19 మిలియన్ల పైచిలుకు 60 రోజుల్లోగా కట్టాలి. నాకు కూడా 60 రోజులే. ఉద్యోగం పోయాక ఈ దేశంలో ఉండటానికి చట్టం మాకిచ్చే గడువు అది. ఈలోగా ఇంకో కంపెనీ మన పేరు మీద పిటిషన్ వేయాలి, లేదంటే వీసా మార్చుకోవాలి, లేదంటే టికెట్ కొనుక్కోవాలి. ఒకే రాష్ట్రంలో, ఒకే లెక్క రోజులు. ఆయనకి ఆ రోజుల్లో డబ్బొస్తుంది, మాకు ఆ రోజులు తరిగిపోతాయి. పావుగంట వీడియో కాల్, ఆ వెంటనే లాగిన్ పనిచేయకపోవడం, నా వెనక రాసుకున్న కాగితం ఏదీ లేకపోవడం. ఆ కోపమంతా ఆరోజు ఎదురింటావిడ ముందు వెళ్లగక్కాను. మీ కోచ్‌లకేం, కూర్చోబెట్టి ఇస్తారు అన్నాను.

ఆవిడ నొచ్చుకుంది. మొహం ఎర్రబడింది. "ఆ అంకె హెడ్ కోచ్‌ది. మాది కాదు. హెడ్ కోచ్ ఒక్కడే పోతాడనుకుంటున్నావా?" అంది.

నా కోపం అన్యాయమని ఇప్పటికీ అనుకోను. కానీ ఆ తర్వాత ఆవిడ చెప్పినవి వింటుంటే, టీవీలో కనబడని మనుషులు కళ్ల ముందుకొచ్చారు. హెడ్ కోచ్ పోయాడంటే, కొత్తగా వచ్చేవాడు తన మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తాడు. పాతవాళ్లలో ఒకరిద్దరిని ఉంచుకుంటే గొప్ప. ఒక్కో రకం ఆటగాళ్లకి నేర్పే లైన్ కోచ్‌లు, రన్నింగ్ బ్యాక్‌ల కోచ్, వాళ్ల కింద వీడియోలు కత్తిరించే కుర్రాళ్లు, అందరూ కట్టకట్టుకుని వీధిన పడతారు. పెద్ద కాలేజీల్లో హెడ్ కోచ్ తర్వాతి మెట్టు మీదుండే కోఆర్డినేటర్లకి జీతం మిలియన్లలో ఉండొచ్చు. కింది మెట్టు మీద ఉన్నవాళ్లకి ఏడాదికో రెండేళ్లకో ఒప్పందం, అంతే. వాళ్లు పని బాగా చేశారా లేదా అని అడిగేవాడు ఉండడు. ఇంకొకడి గెలుపు మీద వీళ్ల ఇంటి అద్దె ఆధారపడి ఉంటుంది. క్లయింటు ప్రాజెక్టు ఎత్తేస్తే బెంచి మీద కూర్చున్నవాళ్లకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆవిడకి అన్నిటికంటే బాధ కలిగించేది తమ సంగతి కూడా కాదు. వాళ్లాయన పనిలో సగం, ఊరూరా తిరిగి పదిహేడేళ్ల కుర్రాళ్ల ఇళ్లకి వెళ్లి, వంటింటి బల్ల దగ్గర వాళ్ల అమ్మల ఎదురుగా కూర్చుని, మీ వాడిని నా బిడ్డలా చూసుకుంటాను అని మాటివ్వడం. ఆ మాట నమ్మి కుర్రాడు జట్టులో చేరడానికి సంతకం పెడతాడు. ఏడాది తిరక్కుండా ఈయన ఇంకో రాష్ట్రంలో ఉంటాడు. "ఆ అమ్మలు ఈయనకి ఇంకా మెసేజీలు పెడతారు" అంది.

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీ సారు ఉండేవారు. మండల పోటీల్లో మా ఖోఖో జట్టు గెలిచింది చూడలేదు. మా అక్కల కాలంలోనూ అదే కథట. ఆయన్ని తీసేయాలని ఎవరికీ తోచలేదు, బదిలీ తప్ప ఆయనకి వేరే టెన్షన్ లేదు. ఓడినా జీతమొస్తుంది కాబట్టే మన దేశానికి పతకాలు రావని ఇక్కడి మన పిల్లలే అంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. నా క్లాసులో ఒక అమ్మాయి ఆరో తరగతిలో ఎగిరి పడుతూ పరిగెత్తేది, అందరూ నవ్వేవారు. సారు ఆమెని రోజూ ఆడించారు. పదో తరగతికి వచ్చేసరికి జట్టులో ఆమెని పట్టుకోగలిగిన వాళ్లు లేరు. వచ్చే ఆదివారం తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి, ఆరో తరగతి పిల్ల పదికి వచ్చేదాకా ఎదురుచూడగలడా?

ఇక్కడ ఎదురుచూడలేకపోతున్నారు. ఆటగాళ్లు కాలేజీ మారడం తేలికైపోయాక, 2021 నుంచి వాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలొచ్చాక, కుర్రాడిని ఏళ్ల తరబడి తయారుచేయడం కంటే తయారైన వాడిని ఇంకో కాలేజీ నుంచి తెచ్చుకోవడమే చాలామంది కోచ్‌లకి దారి అయింది. వాళ్లనీ ఏమనలేం. తెచ్చుకోకపోతే వాళ్లే ఉండరు. అయోవాలో కిర్క్ ఫెరెంజ్ 1999 నుంచి ఒకేచోట ఉన్నాడంటే దాన్నొక వింతలా చెప్పుకుంటున్నారు. వెళ్లగొట్టడం ఒకవైపైతే వెళ్లిపోవడం ఇంకోవైపు. కెల్లీ ఖాళీ చేసిన ఎల్‌ఎస్‌యూ కుర్చీలోకి లేన్ కిఫిన్ వచ్చాడు. మిసిసిపీ యూనివర్సిటీ (ఓల్ మిస్) జట్టు పదకొండు ఆటలు గెలిచి ప్లేఆఫ్ ముంగిట నిలబడి ఉండగా, దాన్ని వదిలేసి. ఇదే కిఫిన్‌ని 2013లో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) వాళ్లు ఓడిన ఆట నుంచి తిరిగొచ్చిన తెల్లవారుజామున విమానాశ్రయంలోనే తీసేశారు. ఆ రాత్రిని ఆయన మరిచిపోయి ఉంటాడని నేననుకోను.

నా సంగతి గడువు లోపలే ఒడ్డున పడింది. వేరే కంపెనీ పిటిషన్ వేసింది, జీతం కొంచెం తక్కువ, ఊరు మారక్కర్లేదు. పెట్టెలు వాపసు ఇవ్వడానికి వెళ్లేసరికి ఎదురింట్లో వాటి అవసరం వచ్చేసింది. సీజన్ అయిపోగానే వాళ్ల హెడ్ కోచ్‌ని పంపించారు. కొత్తాయన వాళ్లాయనతో ఒకసారి మర్యాదగా మాట్లాడి, తన మనుషులు వస్తున్నారని చెప్పాడట. వాళ్లాయన ఇప్పుడు ఇంకో రాష్ట్రంలో చేరాడు. అమ్మాయికి ఎనిమిదో తరగతి మధ్యలో ఆగకూడదని తల్లీకూతుళ్లు మే దాకా ఇక్కడే ఉంటారు, రెండిళ్ల అద్దె కట్టుకుంటూ.

ఇది ఘోరం కాదా అని అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. "మేం ఈ ఊరొచ్చినప్పుడు మా కోసం ఇంకో కుటుంబం ఖాళీ చేసింది. తెలిసే ఈ ఆటలోకి వచ్చాం" అంది. ఆవిడ నిబ్బరానికి దండం పెడతాను. ఆ మాటతో మాత్రం ఏకీభవించను. హెడ్ కోచ్‌ని తీసేస్తే ఏ నెలలో ఎంత కట్టాలో, ఆయన ఇంకోచోట చేరితే ఎంత తగ్గించాలో పేజీలకి పేజీలు రాయించగలిగిన లాయర్లు ఆ యూనివర్సిటీల్లో ఉన్నారు. అసిస్టెంట్ కోచ్‌కి పిల్లల స్కూలు ముగిసేదాకా జీతం, ఇన్సూరెన్స్ అని ఒక్క వాక్యం రాయడానికి వాళ్లకి పెద్ద ఖర్చేమీ కాదు. ఫ్రాంక్లిన్‌కి చివరికి ముట్టిన ఆ 9 మిలియన్లలో ఎన్ని ఇళ్లు మే నెల దాకా నిలబడతాయో ఆవిడ ముందే కాగితం మీద లెక్క వేసి చూపించాను.