మూడో అటెంప్ట్‌లో నెట్ కొట్టాను: క్రైసిస్ కమ్యూనికేషన్ నాకు ఎక్కడ అర్థమైందంటే

మొన్న యూజీసీ నెట్ రిజల్ట్ వచ్చింది. మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్వాలిఫై అయ్యాను. జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్‌కిచ్చే ఫెలోషిప్) రాలేదు, అది వేరే బాధ. మూడో అటెంప్ట్ ఇది. స్కోర్ కార్డు మా ఆవిడకి పంపితే "ఇకనైనా ఆ పుస్తకాలు మంచం మీంచి తీస్తారా?" అని రిప్లై ఇచ్చింది.

సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే. 150 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటి కూడా వదలొద్దు. అందరికీ కామన్‌గా ఉండే పేపర్ 1కి పాత పేపర్లు మళ్లీ మళ్లీ చేశాను, అంతకుమించి చెప్పేదేం లేదు. తెలుగు మీడియం వాళ్లకి ప్రశ్న ఇంగ్లీషులోనో హిందీలోనో చదువుకోవాల్సి రావడం నిజంగా కష్టమే. నేనూ పడ్డాను. కానీ రెండోసారి నన్ను ముంచింది ఇంగ్లీషు కాదు, పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్) యూనిట్. అందులోనూ క్రైసిస్ కమ్యూనికేషన్, అంటే ఆపద వచ్చినప్పుడు సంస్థ జనానికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది.

నాలుగు మార్కుల్లో పోయింది. అంటే రెండు ప్రశ్నలు. కీ పెట్టి చూసుకుంటే తప్పుపోయిన వాటిలో మూడు క్రైసిస్‌వే. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఎందుకంటే అప్పటికి నాలుగేళ్లుగా ఒక ప్రైవేట్ ఇంజినీరింగ్ కాలేజీలో పీఆర్ఓగా చేస్తున్నాను. నేను తినే తిండే ఆ సబ్జెక్టుది. ఫింక్ నాలుగు దశలు, మిట్రాఫ్ ఐదు దశలు, బెనాయిట్ ఐదు వ్యూహాలు, కూంబ్స్ మూడు క్లస్టర్లు, ఇలా ఈ సబ్జెక్టులో పెద్దల థియరీలన్నీ చార్టు గీసి బీరువా తలుపుకి అంటించాను. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. ఎగ్జామ్‌లో కాస్త తిప్పి, ఏది ముందు, ఏది తర్వాత అని అడిగేసరికి చార్టంతా కలగాపులగమైపోయింది.

నిజానికి ఆ జవాబు ఎగ్జామ్‌కి ఏడాది ముందే నాకు ఫోన్‌లో దొరికింది. నేనే గుర్తుపట్టలేదు.

ఒక ఆదివారం రాత్రి హాస్టల్లో భోంచేసిన పిల్లలకి పదకొండింటికి వాంతులు మొదలయ్యాయి. పన్నెండున్నరకల్లా ముప్పైమందికి పైగా రెండు ఆసుపత్రుల్లో ఉన్నారు. కరస్పాండెంట్ గారు ఫోన్ చేసి రెండే ముక్కలన్నారు: "ప్రెస్‌కి ఏం చెప్పొద్దు. ఒక నోట్ రెడీ చెయ్." కూర్చుని రాశాను. "ఇరవై ఏళ్లుగా విద్యారంగంలో విశేష సేవలందిస్తున్న మా సంస్థ..." అని మొదలుపెట్టాను. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒంటిగంటకి శ్రీకాకుళం వైపు నుంచి ఒకావిడ ఫోన్. ఆవిడకి ఆ నోటే చదివి వినిపించాను. పాపం చివరిదాకా విన్నది. తర్వాత, "అది కాదు బాబూ, మా అమ్మాయి ఏ ఆసుపత్రిలో ఉంది? మేం ఎక్కడ దిగాలి?" అంది.

నా దగ్గర లిస్టే లేదు. వార్డెన్ మేడమ్ మెస్ రిజిస్టర్ వెనకపేజీలో పెన్సిల్‌తో పేర్లు రాసుకున్నారు. ఫొటో తెప్పించుకుని, ఏ ఆసుపత్రిలో ఎవరున్నారో విడదీసి రాసి, కింద రెండు ఫోన్ నంబర్లు వేసి, పేరెంట్స్ గ్రూపుల్లో పెట్టాను. అప్పుడు టైమ్ ఒకటీ నలభై. రెండింటికల్లా కాలేజీ ఫోను మోగడం తగ్గింది. ప్రెస్ నోట్ అలాగే టేబుల్ మీద ఉండిపోయింది. దేవుడి దయవల్ల పిల్లలంతా కోలుకున్నారు. పొద్దున "లిస్టు బయటపెట్టమని నీకెవరు చెప్పారు?" అని మేనేజ్‌మెంట్ అక్షింతలు వేసింది. ఆడపిల్లల పేర్లు గ్రూపులో పెట్టకుండా ఒక్కొక్కరి ఇంటికీ ఫోన్ చేసి ఉండాల్సింది, అది మాత్రం నా తప్పే. కానీ ఆ టైమ్‌లో ఆఫీసులో ఉన్నది ఇద్దరం. మీరుంటే ఏం చేసేవారు?

రెండోసారి ఫెయిలయ్యాక కూంబ్స్‌ని మళ్లీ తీస్తే, నేను దాటేసిన ఒక చిన్న పేరా కనిపించింది. జనం తమని తాము కాపాడుకోవడానికి కావలసిన సమాచారం ముందు చెప్పాలి, దాన్ని ఇన్‌స్ట్రక్టింగ్ ఇన్ఫర్మేషన్ అంటాడు. తర్వాత ఏం జరిగిందో, ఏం సరిదిద్దుతున్నామో చెప్పాలి, బాధపడినవాళ్లకి ధైర్యం చెప్పాలి. అది అడ్జస్టింగ్ ఇన్ఫర్మేషన్. డినై (మా తప్పు కాదనడం), డిమినిష్ (తప్పుని చిన్నది చేసి చూపడం), రీబిల్డ్ (క్షమాపణ, పరిహారం) లాంటి పరువు కాపాడుకునే వ్యవహారమంతా ఆ తర్వాతే. శ్రీకాకుళం అమ్మ అడిగింది మొదటిది. నేను చదివింది మూడోది.

అప్పట్నుంచి కేస్ స్టడీ ఏది చదివినా పక్కన ఒక్కటే రాసుకున్నాను: జనానికి పనికొచ్చే మొదటి మాట ఎప్పుడు వెళ్లింది? 1982లో చికాగోలో టైలెనాల్ అనే నొప్పి మాత్రల క్యాప్సూల్స్‌లో ఎవరో సైనైడ్ కలపడంతో ఏడుగురు పోయారు. తయారుచేసే జాన్సన్ అండ్ జాన్సన్ ముందు వాడొద్దని చెప్పింది, తర్వాత సుమారు 3.1 కోట్ల సీసాలు వెనక్కి తెప్పించింది. ట్రిపుల్ సీల్ ప్యాకింగ్ ఆ తర్వాతి సంగతి. 2015లో మ్యాగీ దీనికి తిరగేసిన కథ. నూడుల్స్‌లో సీసం ఎక్కువుందన్న గొడవతో నిషేధం దాకా వెళ్లింది. ఇంట్లో ఉన్న ప్యాకెట్ పిల్లలకి పెట్టొచ్చా అని తల్లులు అడుగుతుంటే నెస్లే ల్యాబ్ పరీక్షల గురించి మాట్లాడుతూ వచ్చింది. జూన్ 5న గ్లోబల్ సీఈఓ పాల్ బుల్కే ఢిల్లీకొచ్చి, నూడుల్స్ సురక్షితమే కానీ నమ్మకం దెబ్బతింది కాబట్టి వెనక్కి తీసుకుంటున్నామన్నారు. ఆగస్టులో బాంబే హైకోర్టు నిషేధం కొట్టేసింది, నవంబరులో సరుకు మళ్లీ కొట్లకొచ్చింది. కేసు గెలిచినా ఆ తొలి వారాలు తిరిగి రావు.

ఇక మన విశాఖ. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. సైరన్ మోగలేదని హైపవర్ కమిటీ నివేదికలో తేల్చారు. ఆర్‌ఆర్ వెంకటాపురంలో జనం నిద్రలోంచి లేచి చీకట్లో పరిగెత్తారు. క్రైసిస్ ప్లాన్ అంటే స్పోక్స్‌పర్సన్, హోల్డింగ్ స్టేట్‌మెంట్ (వివరాలు తేలేలోపు ఇచ్చే తొలి ప్రకటన), ఫోన్ లిస్టు, మాక్ డ్రిల్ అని బట్టీపడతాం కదా, ఒక్కోసారి ప్లాన్ మొత్తం ఒక సైరన్ బటనే. ఇది చదివిన రోజు ఇంకేం చదవలేకపోయాను.

సత్యం కేసు కూడా చూసుకోండి. 2009 జనవరి 7న లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన లేఖ, ప్రభుత్వం వేసిన కొత్త బోర్డు, ఏప్రిల్‌కల్లా కొనడానికి ముందుకొచ్చిన టెక్ మహీంద్రా. బయటి మీడియా కన్నా లోపలి ఉద్యోగులకి ఏం చెప్పారన్నది అందులో అసలు పాయింట్.

డిసిప్లిన్ గురించి కూడా చెప్పాలి. తెల్లారి నాలుగున్నరకి లేచాను, ఏడు నెలలు, పండగలతో సహా. ఉద్యోగం ఉంది, టైమ్ దొరకట్లేదు అనేవాళ్లని చూస్తే నాకు కోపమొస్తుంది. టైమ్ ఎవరికీ దొరకదు, రీల్స్ చూసే గంట తీస్తే అదే వస్తుంది. సరే, మా ఆవిడ ఇది చదివితే సంక్రాంతికి మూడు రోజులు పడుకున్న సంగతి బయటపెడుతుంది, ఆపేస్తాను.

నోట్స్ ఫొటోలు పంపమని ఇప్పటికే చాలామంది అడిగారు. పంపడానికి అభ్యంతరం లేదు. కాకపోతే చేతిరాత నాకే సరిగా అర్థం కాదు, సగం పేజీల మీద టీ మరకలున్నాయి.