ఆ 500 రూపాయలు ఎందుకు కట్టలేదంటే

ఎప్పుడో మూసేసిన క్రెడిట్ కార్డు మీద బాకీ ఉందంటూ రికవరీ ఏజెంట్లు మా నాన్నగారికి ఫోన్లు చేస్తున్నారు. "ఈరోజు 500 అయినా వేయండి సార్, కేసు ఆపిస్తాను" అని అవతలి మనిషి నెమ్మదిగా నచ్చజెబుతుంటే, నలుగురిలో పరువు పోతుందన్న భయంతో ఆయన కట్టడానికి సిద్ధపడ్డారు. నేను వద్దన్నాను. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇటువంటి బాకీపై దావా వేయడానికి సాధారణంగా 3 ఏళ్లే గడువు. అయితే ఆ గడువు లోపల బాకీ నిజమేనని రాసి సంతకం పెట్టినా, కొంత సొమ్ము కట్టినట్టు మన రాతలో ఆధారం మిగిల్చినా, ఆ 3 ఏళ్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. గడువు దాటిన బాకీనైనా తీరుస్తానని రాసి సంతకం పెడితే ఆ మాటకు కట్టుబడాల్సిందే.

వాళ్లు వాట్సాప్‌లో పంపిన నోటీసును పెద్దది చేసి చూస్తే, అందులోని పాన్ నంబరు చివరి అక్షరం నాన్నగారిది కానే కాదు. అందుకే అప్పును ఒప్పుకోకుండా, దరఖాస్తు పత్రం, ఖాతా స్టేట్‌మెంటు, ఏజెన్సీకి ఇచ్చిన అధికార పత్రం చూపమని బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ రాశాం. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టం చేసింది కనుక, రాత్రి వచ్చిన కాల్స్ స్క్రీన్‌షాట్లు కూడా జతచేశాం. పెద్దవాళ్లను భయపెట్టి డబ్బు రాబట్టే ఈ పద్ధతి నాకు చాలా బాధ కలిగించింది. నిజంగా కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం వకీలును పెట్టుకుని హాజరవుతాం. 30 రోజుల్లో బ్యాంకు నుంచి సరైన జవాబు రాకపోతే, బ్యాంకులపై ఫిర్యాదులను పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాం.