ఒక బస్తా కాయలు, పదకొండు లీటర్ల నూనె: గానుగ పట్టించుకోవడంలో నా అనుభవం

రిఫైన్డ్ నూనె మానేసి వేరుశనగ గానుగ నూనెకి మారాలనుకునేవాళ్ళు ముందు ఫ్యాక్టరీలో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. గింజ పిండగా మిగిలిన పిప్పిని చెక్క అంటారు, అందులో మిగిలిన నూనెని హెక్సేన్ అనే ద్రావకంతో లాగుతారు. జిగురు తీస్తారు, కాస్టిక్ సోడాతో ఆమ్లం విరుస్తారు, బ్లీచింగ్ మట్టితో రంగు లాగుతారు. చివర వాక్యూమ్‌లో, 200 డిగ్రీలు దాటిన వేడి మీద ఆవిరి పంపి వాసన తీసేస్తారు. వేరుశనగ వాసనా రుచీ అక్కడే పోతాయి. అయితే బూజు పట్టిన గింజలోని అఫ్లటాక్సిన్ అనే విషం కూడా ఆ కాస్టిక్ సోడా, ఆ మట్టి దగ్గరే చాలావరకు పోతుంది. గానుగలో ఈ మెట్లేవీ లేవు. గింజలో ఏముంటే డబ్బాలోకి అదే వస్తుంది. అందుకే శుభ్రం చేసే పనంతా గానుగ గడప తొక్కకముందే మన చేతుల మీద జరిగిపోవాలి. మూడు నెలలకోసారి నేను చేసే పద్ధతి రాస్తున్నాను.

ముందు లెక్క. మనిషికి రోజుకి 25 గ్రాముల చొప్పున నలుగురికి నెలకి 3 కిలోలు, మూడు నెలలకి 9. దీనికి 40 కిలోల కాయల బస్తా ఒకటి చాలు. వలిస్తే సుమారు 28 కిలోల పప్పు వస్తుంది, ఏరి పారేసింది పోగా 26. చెక్క గానుగలో నూటికి 40 వంతులు దిగుతుంది, అంటే 10 కిలోల పైచిలుకు. లీటరు నూనె 910 గ్రాములే తూగుతుంది కాబట్టి మడ్డి పోగా 11 లీటర్లు. ఈ లెక్క కొనేవాళ్ళకీ పనికొస్తుంది. లీటరుకి రెండుంపావు కిలోల పైనే పప్పు పడుతుంది. చెక్క అమ్మిన డబ్బు గానుగ కూలికీ సీసాకీ పోతుంది. ఆ పప్పు ధరకంటే బాగా తక్కువకి గానుగ నూనె దొరుకుతుందంటే అందులో ఇంకో నూనె కలిసిందనే అనుకోవాలి.

పప్పు కొనొద్దు, కాయలే కొనండి. మిషన్‌లో పప్పు విరిగిపోకుండా చాలాచోట్ల వలిచేముందు కాయల మీద నీళ్ళు చల్లుతారు. ఆ తడి సరిగ్గా ఆరకుండానే బస్తాలకెక్కితే బూజుకి అంతకంటే ఏం కావాలి! కాయల్లో కూడా ఖరీఫ్ పంటకంటే నీటి కింద పండిన రబీ పంట మేలు. కోతకి ముందు వాన ముఖం చాటేసి నేల ఎండిపోయిన చేలల్లోనే ఈ బూజు ఎక్కువ పడుతుంది, చేలో ఉండగానే. కదిరి-6 లాంటి రకం బాగానే నూనె ఇస్తుంది, కానీ రకంకంటే ఆరుదల ముఖ్యం. కాయ ఊపితే లోపల గింజ గలగలలాడాలి. గింజ వేళ్ళ మధ్య నలిపితే పొట్టు రాలాలి, విరిస్తే టక్కుమనాలి. వంగితే ఇంకా రెండు ఎండలు పట్టాలి, అదీ నేల మీద కాదు, పట్టా మీద.

చేతి మిషన్‌తో పొడిగా వలిచి, చెరిగి, తర్వాత ఏరడం. ఈ పని తొందరపడితే మిగతాదంతా దండగ. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, పుచ్చులు, మొలక వచ్చినవి, పొట్టు మీద పసుపుపచ్చ పొడి కనిపించినవి అన్నీ పక్కకి. పైకి నున్నగా కనిపించే గింజలూ ఒక గుప్పెడు తీసి బద్దలు చేసి చూడాలి. రెండు బద్దల మధ్య ఉన్న సన్నని ఖాళీలో బూడిదరంగు నూగు దాక్కుని ఉంటుంది. గుప్పెడులో అలాంటివి రెండు మూడు కనిపిస్తే ఆ బస్తా నూనెకి పనికిరాదు, నష్టమైనా సరే వదులుకోవాలి. ఈ విషం కంటికి కనబడదు, వంట వేడికి పోదు. ఏరేసినవి గొడ్లకి వేయకండి. ఆ విషం రూపు మార్చుకుని పాలల్లోకి వస్తుంది. గానుగలో కూడా అది ఎక్కువగా చెక్కలోనే నిలుస్తుంది, ఆ చెక్క తినేది ఆవులూ గేదెలే. నూనె కోసం ఏరినట్టే పాల కోసమూ ఏరాలన్నమాట.

గానుగ దగ్గర అడగాల్సినవి రెండు. ఇంతకుముందు రోట్లో ఏం ఆడించారు? నువ్వులో కొబ్బరో అయితే మొదట దిగే పావులీటరు విడిగా పట్టుకోవాలి. రెండోది, నీళ్ళు ఎన్ని పోస్తారు? కొద్దిగా నీళ్ళు చిలకరించకపోతే పిండి ముద్ద కట్టదు, నూనె విడవదు. ఎక్కువైతే నూనె తెల్లగా పాలలా తేలి, నెల తిరక్కముందే ముక్కుతుంది. మన వాయి ఆడుతున్నంతసేపూ పక్కనే ఉండి, కాస్త కాస్తగా చల్లించుకోవాలి. దిగుతున్న నూనెలో వేలు పెడితే గోరువెచ్చగా ఉండాలి. వేలు తీసుకునేంత వేడిగా ఉందంటే రోకలి బిగించి తొందరగా తిప్పుతున్నారని అర్థం.

ఇంటికి తెచ్చాక స్టీలు డబ్బాలో పోసి, మూతికి పల్చని గుడ్డ కట్టి రెండు పూటలు ఎండలో పెడతాను. ఉన్న తడి ఆవిరైపోవడానికి అంతవరకు చాలు, ఎక్కువ వెలుతురు నూనెకి చేటు. తర్వాత వారం రోజులు కదపకుండా చీకట్లో ఉంచితే మడ్డి అడుగుకి చేరుతుంది. డబ్బా వంచితే మడ్డి లేస్తుంది, అందుకని సన్నని పైపుతో పైనున్న తేటంతా దించుకోవాలి. అడుగున రెండు వేళ్ళ మందం వదిలేసినా బాధపడక్కర్లేదు. తడి పోయిందో లేదో తెలియాలంటే గరిటెడు నూనె కాచి చూడండి. చిటపటమంటే ఇంకా ఉంది. తేరిన నూనెని రెండేసి లీటర్ల స్టీలు క్యాన్లలో మూతి దాకా నింపి పెడితే గాలి తగలదు. రాగి, ఇత్తడి పాత్రలు వద్దు, వాటిలో త్వరగా ముక్కుతుంది. పాత క్యాన్‌లో కొత్త నూనె కలపొద్దు.

పొయ్యి మీద ఇది రిఫైన్డ్ నూనెలా ప్రవర్తించదు. గారెలో అప్పడాలో వేస్తే నురుగు పొంగుతుంది, త్వరగా పొగ వస్తుంది. లోపల జిగురు, ఆమ్లం ఉండటమే కారణం. మూకుడు సగానికి మించి నింపకుండా, మంట తగ్గించి వేయించాలి. కాచిన నూనె మళ్ళీ కాచొద్దు. తాలింపుకీ, కూరలకీ, కందిపొడి అన్నంలో చుట్టూ పోసుకోవడానికీ మాత్రం దీనికి సాటి లేదు, కొంచెమే వేసినా రుచి తెలుస్తుంది. తక్కువ వాడటానికి నాకు దొరికిన దారి కూడా అదే.

రిఫైన్డ్ నూనె విషమని నేను చెప్పను. ఏరే తీరిక లేకపోతే సీలు వేసిన మంచి ప్యాకెట్టే మేలు, పైగా కొన్ని ప్యాకెట్లలో కలిపే ఎ, డి విటమిన్లు గానుగ నూనెలో ఉండవు. కాకపోతే ప్యాకెట్టు మీద రాసిందంతా చదివి కొనండి. వేరుశనగ బొమ్మ ఉన్నా, 'బ్లెండెడ్' అనో 'మల్టీ-సోర్స్' అనో ఉంటే అది నూనెల మిశ్రమం, ఏ నూనె ఎంత శాతమో అక్కడే రాసి ఉంటుంది. చట్టం ప్రకారం అలాంటి మిశ్రమంలో ఒక నూనె 20 శాతం ఉన్నా చాలు, మిగతాది ఎక్కువగా పామోలిన్ కావచ్చు.

రబీ కాయలు మార్చి, ఏప్రిల్‌లో అంగడికొస్తాయి. అప్పుడే రెండు బస్తాలు తీసుకుని, రెండోదాన్ని గోడకి ఆనించకుండా చెక్కల మీద పెట్టి ఉంచుతాను. కాయ లోపల ఉన్నంతకాలం గింజ భద్రం. జూలైలో ఆడించడానికి రెండు రోజుల ముందు వలిస్తే చాలు.